చెవికి మిషన్ సరే, కారణం మాటేమిటి?

1957లో రెండు సంగతులు జరిగాయి. పారిస్‌లో ఆండ్రే జూర్నో అనే శాస్త్రవేత్త, షార్ల్ ఏరియెస్ అనే చెవి వైద్యుడు కలిసి, వినికిడి పూర్తిగా పోయిన ఒక వ్యక్తి చెవి నరం దగ్గర సన్నటి తీగచుట్ట అమర్చి కరెంటు పంపారు. ఆయనకు చప్పుడు తెలిసింది. మాటలు అర్థం కాకపోయినా, ఏదో వినపడుతోందని మాత్రం చెప్పగలిగాడు. అదే ఏడాది నార్వేలో యెర్వెల్, లాంగె-నీల్సన్ అనే ఇద్దరు వైద్యులు ఒక కుటుంబం గురించి రాశారు. ఆ ఇంట్లో నలుగురు పిల్లలకు పుట్టుచెవుడు. ఆ పిల్లలు ఉన్నట్టుండి స్పృహ తప్పి పడిపోయేవారు. ముగ్గురు చిన్న వయసులోనే హఠాత్తుగా చనిపోయారు. ఈసీజీ తీస్తే గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సర్దుకోవడానికి పట్టే వ్యవధి, వైద్యులు క్యూటీ అనేది, బాగా సాగిపోయి కనిపించింది.

పారిస్ ప్రయోగం పెరిగి పెద్దదై కాక్లియర్ ఇంప్లాంట్ అయింది. నార్వే కుటుంబం కథ వైద్య పుస్తకాల్లో ఉండిపోయింది. మన ప్రభుత్వ పథకాలు మొదటి సంగతిని చక్కగా అందిపుచ్చుకున్నాయి. రెండోదాన్ని పట్టించుకోలేదు. పిల్లకు చెవుడు ఎందుకు వచ్చిందో అడగకుండానే లక్షల రూపాయల పరికరం అమర్చేస్తున్నాం.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుందాం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ, కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌కు, ఆ తర్వాత మాటలు నేర్పే థెరపీకి కలిపి 6.50 లక్షల రూపాయల దాకా ఇచ్చే ఏర్పాటు చేసింది. మామూలు జబ్బులకు ఉన్న పరిమితిని దాటి ఇచ్చిన ప్రత్యేక వెసులుబాటు అది. అంతవరకు ఈ ఆపరేషన్ డబ్బున్నవాళ్ల వ్యవహారం. కూలిపనికి పోయే తల్లి బిడ్డ కూడా ‘అమ్మా’ అనగలిగే రోజు ఆ నిర్ణయం వల్లే వచ్చింది. కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద, ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ద్వారా, ఐదేళ్లలోపు పిల్లలకు ఇంప్లాంట్లు ఇస్తున్నారు. ఆ సంస్థకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలాంటి ప్రభుత్వ దవాఖానాల్లోనూ ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. దేశంలో చాలా రాష్ట్రాల కంటే మనం ముందే మేల్కొన్నాం.

ఇంతకీ ఆ పరికరం చేసే పనేమిటి? లోపలి చెవిలో నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియా ఉంటుంది. విప్పి పరిస్తే మూడున్నర సెంటీమీటర్లు. అందులో శబ్దాన్ని నరానికి అందించే రోమకణాలు మూడున్నర వేల దాకా ఉంటాయి. అవి పనిచేయకపోతే ఎంత పెద్ద మోతతో వినికిడి మిషన్ పెట్టినా ఫలితం ఉండదు. ఇంప్లాంట్ ఆ కణాలను పక్కనబెట్టి, నరాన్ని నేరుగా కరెంటుతో తడుతుంది. చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ శబ్దాన్ని పట్టి సంకేతాలుగా మారుస్తుంది. చర్మం కింద అమర్చిన భాగం వాటిని అందుకుని పన్నెండో, ఇరవై రెండో ఎలక్ట్రోడ్‌ల ద్వారా నరానికి చేరవేస్తుంది. మూడున్నర వేల కణాల పని రెండు డజన్ల లోపు బిందువులతో చేయించడం మాటలు కాదు. ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్ 1978లో బహుళ ఎలక్ట్రోడ్‌ల పరికరాన్ని మనిషికి అమర్చేదాకా, అది అసాధ్యమన్న శాస్త్రవేత్తలే ఎక్కువ. క్లార్క్ తండ్రికి చెవుడు.

అయితే ఈ పరికరం నరం మీద ఆధారపడుతుంది. నరం బాగుంటేనే ఫలితం. నరం బాగుందా లేదా, ఒంట్లో మిగతా అవయవాల సంగతేమిటి అన్నది చెవుడు ఏ జన్యువు వల్ల వచ్చిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ప్రతి వెయ్యి మంది శిశువుల్లో ఒకరిద్దరు వినికిడి లోపంతో పుడతారు. వాళ్లలో సగం మందికి పైగా కారణం జన్యువులే. అందులోనూ సుమారు నూటికి డెబ్బై మందికి చెవుడు తప్ప మరే ఇబ్బందీ ఉండదు. వీళ్లలో తరచుగా కనిపించేది జీజేబీ2 అనే జన్యువులో లోపం. ఆ పిల్లల నరం చెక్కుచెదరదు కాబట్టి ఇంప్లాంట్ ఫలితాలు బాగుంటాయి. కారణం అడగకపోయినా వీళ్ల విషయంలో కథ సుఖాంతమే. పథకం ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది వీళ్ల పుణ్యాన.

చిక్కంతా మిగతా ముప్పై మందితో. వీళ్లకు చెవుడుతో పాటు గుండో, కన్నో, కిడ్నీయో, థైరాయిడో దెబ్బతిని ఉంటుంది. ఇలాంటి సిండ్రోమ్‌లు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. ఒక్కొక్కటీ అరుదే. అన్నీ కలిపితే అరుదు కాదు.

నార్వే పిల్లల జబ్బునే తీసుకుందాం. ఆ ఇద్దరు వైద్యుల పేర్లతోనే పిలిచే ఈ జబ్బులో కేసీఎన్‌క్యూ1, కేసీఎన్‌ఈ1 అనే జన్యువుల్లో ఒకటి పాడై ఉంటుంది. లోపలి చెవిలోనూ గుండెలోనూ పొటాషియం రాకపోకలు చూసే ద్వారం ఒకటే కావడం వల్ల రెండూ దెబ్బతింటాయి. చికిత్స అందకపోతే సగం మందికి పైగా పదిహేనేళ్లలోపే చనిపోతారు. పరుగు, ఏడుపు, భయం, మత్తుమందు, జలుబు దగ్గులకు రాసే అజిత్రోమైసిన్ వంటి కొన్ని మందులు, వీటిలో ఏదైనా గుండె లయ తప్పడానికి కారణం కావచ్చు. పడిపోయిన పిల్లను చూసి మూర్ఛ అనుకుని మూర్ఛ మందులు వాడించిన సందర్భాలు వైద్య సాహిత్యంలో కోకొల్లలు. ఇంప్లాంట్‌కు ముందు ఈసీజీ చాలాచోట్ల తీస్తారు, నిజమే. కానీ పసిపిల్లల గుండె వేగంగా కొట్టుకుంటుంది. యంత్రం అచ్చువేసిన అంకెను నమ్ముకోకుండా, కాగితం మీద క్యూటీని చేత్తో కొలిచి, గుండె వేగానికి తగ్గట్టు సరిచేసి చూడాలి. అది అయిదు నిమిషాల పని. జబ్బు ఉందని ముందే తెలిస్తే బీటా బ్లాకర్ మందులతో, జాగ్రత్తగా ఇచ్చే మత్తుతో ఇంప్లాంట్ నిక్షేపంగా చేయవచ్చు. ఆ కొలత లేని ఫైలు ఆపరేషన్ థియేటర్ గడప దాటకూడదన్న నిబంధన పెట్టడానికి ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు.

అషర్ సిండ్రోమ్ సంగతి ఇంకా లోతైనది. పుట్టుచెవుడున్న పిల్లల్లో నూటికి ముగ్గురు నుంచి ఆరుగురికి ఇది ఉంటుందని అంచనా. మొదటి రకం అషర్‌లో పిల్ల పుట్టుకతోనే వినలేదు. లోపలి చెవిలో సమతూకం చూసే భాగం కూడా పనిచేయదు కాబట్టి మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం అన్నీ ఆలస్యమే. ఏడాదిన్నర దాటినా అడుగు వేయకపోతే ‘బొద్దుగా ఉంది కదా, బద్ధకం’ అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి సందెవేళ గడప తట్టుకుని పడుతుంది. దీపం తీస్తే కదలదు. వెన్నెల్లో ఆడుకునే పిల్లల్లోకి వెళ్లదు. చీకట్లో చూపునిచ్చే కణాలు ఒక్కొక్కటే చచ్చిపోవడం అప్పటికే మొదలై ఉంటుంది. క్రమంగా చుట్టూ చూపు మూసుకుపోయి, గొట్టంలోంచి చూసినట్టు నడిమి చూపు మాత్రం మిగులుతుంది. పెద్దయ్యాక అదీ తగ్గిపోవచ్చు.

ఈ పిల్లకు ఒక చెవికి ఇంప్లాంట్ పెట్టి, రెండోది తర్వాత చూద్దాంలే అనుకోవడం ఎంత పొరపాటో ఆలోచించండి. చూపు తగ్గాక పెదవుల కదలిక చూసి అర్థం చేసుకోలేదు. సైగల భాష కళ్లతో చదవలేదు. రోడ్డు మీద బండి ఏ పక్కనుంచి వస్తోందో తెలియాలంటే రెండు చెవులూ కావాలి. అషర్ అని ఏడాది వయసులో తెలిస్తే రెండు చెవులకూ వీలైనంత త్వరగా ఇంప్లాంట్ చేయాలని ఏ వైద్యుడైనా పట్టుబడతాడు. పదేళ్లకు తెలిస్తే అప్పటికి రెండో చెవి మెదడుకు పరాయిదైపోతుంది. శబ్దాన్ని అర్థం చేసుకునే సామర్థ్యం మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ పెట్టిన పిల్లల్లో బాగా వికసిస్తుందనీ, ఏడేళ్లు దాటితే చాలావరకు తలుపు మూసుకుపోతుందనీ అమెరికాలో పరిశోధన చేసిన అనూ శర్మ బృందం మెదడు తరంగాలను కొలిచి చూపింది. ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. ఇంప్లాంట్ కోసం వచ్చిన ప్రతి పిల్లనూ ఒకసారి రెటీనా పరీక్షకు పంపమని ఏ పథకం పత్రంలోనైనా ఒక్క వాక్యం రాసి ఉంటే ఎంత బాగుండేది!

మిగతావి త్వరగా చెప్పుకుందాం. పెండ్రెడ్ సిండ్రోమ్ పిల్లలకు తలకు చిన్న దెబ్బ తగిలినా మిగిలిన వినికిడి పోవచ్చు, పెరిగాక థైరాయిడ్ గడ్డ రావచ్చు. పీఓయూ3ఎఫ్4 జన్యులోపం ఉన్న మగపిల్లల కాక్లియాకు రంధ్రం చేయగానే మెదడు చుట్టూ ఉండే ద్రవం పైకి ఎగజిమ్ముతుంది. సర్జన్‌కు ముందే తెలిసి ఉండాల్సిన సంగతి అది. చార్జ్ సిండ్రోమ్‌లో చెవి నరమే సన్నగానో, అసలు లేకుండానో ఉండవచ్చు. బయోటినిడేజ్ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన పిల్లకు బయోటిన్ అనే విటమిన్ మాత్ర పుట్టిన తొలి వారాల నుంచి ఇస్తే చెవుడు రాకుండానే ఆపవచ్చు. ఆలస్యమైతే పోయిన వినికిడి సాధారణంగా తిరిగి రాదు. మైటోకాండ్రియాలో ఒక మార్పు తల్లివైపు నుంచి వచ్చినవాళ్లకు జెంటామైసిన్ ఇంజెక్షన్లతో చెవుడు రావచ్చు. ఒక పిల్లకు ఈ మార్పు ఉందని తేలితే, తల్లి తరఫు బంధువులందరి ఆసుపత్రి చీటీల మీద ఆ మాట ఎర్ర సిరాతో రాయించుకోవాలి.

పరీక్ష చేయించినా దొరక్కుండా తప్పించుకునే చెవుడు ఒకటుంది. ఓటీఓఎఫ్ జన్యువు పాడైన పిల్లల్లో రోమకణాలు బాగానే ఉంటాయి, నరానికి కబురు మాత్రం అందదు. పుట్టగానే చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే ఓఏఈ పరీక్ష రోమకణాలనే చూస్తుంది. పిల్ల పాస్ అవుతుంది. తల్లిదండ్రులు నిశ్చింతగా ఇంటికి వెళ్తారు. నరం సంకేతాన్ని కొలిచే బెరా పరీక్ష చేస్తేనే అసలు విషయం బయటపడుతుంది. ఓఏఈతో సరిపెట్టే ప్రతి కేంద్రం ఈ పిల్లలను చేతులారా వదిలేస్తున్నట్టే. పైగా ప్రపంచంలో చెవుడుకు జన్యు చికిత్స మొట్టమొదట ఫలించింది వీళ్లలోనే. షాంఘైలోని ఫుదాన్ విశ్వవిద్యాలయ వైద్యులు ఆరుగురు పిల్లలకు ఒక్కో చెవిలో మంచి జన్యువును వైరస్ ద్వారా పంపితే, అయిదుగురికి వినికిడి వచ్చిందని 2024 జనవరిలో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. అది మన దగ్గరికి ఎప్పుడొస్తుందో, ఎంత ధరకు వస్తుందో అన్నది వేరే చర్చ. దానికోసం ఆగి ఇంప్లాంట్ వాయిదా వేయమని ఎవరూ చెప్పకూడదు. కానీ జన్యువు పేరు తెలియని పిల్ల ఆ వరుసలో నిలబడటానికి కూడా పనికిరాదు.

మన ప్రాంతంలో ఈ జన్యు కారణాల విషయానికి మరింత బరువుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో సుమారు నలుగురిలో ఒకరిది రక్తసంబంధంలో జరిగిన పెళ్లి. తెలంగాణలో కొంత తక్కువ. మేనమామ, మేనబావ వరసలు మనకు బంధుత్వం నిలుపుకునే పద్ధతి, ఆస్తి చెదరకుండా చూసుకునే పద్ధతి కూడా. దాన్ని పాపంలా చూపించి తిట్టిపోసే ఆరోగ్య ప్రచారాల వల్ల ఒరిగిందేమీ లేదు. జన్యులోపంతో వచ్చే పుట్టుచెవుడులో ఎక్కువ భాగం, అమ్మానాన్నలిద్దరూ ఒకే జన్యువులో లోపమున్న ప్రతిని చెరొకటి మోస్తున్నప్పుడు వచ్చేదే; దగ్గరి బంధువుల మధ్య అలా జరిగే అవకాశం ఎక్కువ. ఆ తల్లిదండ్రులిద్దరికీ చెవులు బాగానే వినిపిస్తాయి. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మొదటి బిడ్డకు ఇంప్లాంట్ చేయించిన తల్లి రెండోసారి గర్భంతో వచ్చినప్పుడు, ‘ఈసారి కూడా ఇలాగే అవుతుందా సార్?’ అని అడిగే ప్రశ్నకు సమాధానం ఆ మొదటి బిడ్డ రక్తపు చుక్కలో ఉంది. ఆ చుక్కను పరీక్షించకుండా ‘అంతా దేవుడి దయ’ అని చెప్పి పంపడం వైద్యం అనిపించుకోదు.

ఇలా అన్నానని ఆసుపత్రులనే నిలదీయడం న్యాయం కాదు. సగం ఆలస్యం ఇంట్లోనే జరుగుతుంది. మాటలు రాకపోతే వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తాం. ‘వాళ్ల నాన్నకూ మూడేళ్లకే మాటలొచ్చాయి’ అని అత్తగారు చెప్పిన మాటే ఖాయం. పళ్లెం కింద పడితే పిల్ల తిరిగి చూసింది కదా అంటారు. నేల అదురు కాలికి తెలిసి తిరిగి చూస్తుంది, ఆ సంగతి తట్టదు. నెలకల్లా పరీక్ష, మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా చికిత్స మొదలు కావాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టుచెవుడు ఉంది. కాన్పు జరిగిన ప్రతి ఆసుపత్రిలోనూ బిడ్డ ఇంటికి వెళ్లేలోపు చెవి పరీక్ష జరిగేటట్టు చూడటమే మిగిలిన పని.

ఆపరేషన్ తర్వాతి కథ వేరు. స్విచ్ ఆన్ చేసిన రోజు పిల్ల ఉలిక్కిపడి ఏడవడం, అమ్మ కళ్లు తుడుచుకోవడం, అందరూ ఫోన్లలో తీసుకునే వీడియోలు ఇవే. ఆ మర్నాటి నుంచి అసలు పని మొదలవుతుంది. థెరపీ గదిలో అమ్మ పిల్ల పక్కన కూర్చుని, నోరు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని ‘ఆ’, ‘ఊ’, ‘ఈ’, ‘మ్’, ‘ష్’, ‘స్’ అని ఆరు శబ్దాలు ఒక్కొక్కటే అంటుంది. విన్నప్పుడల్లా పిల్ల ఒక ప్లాస్టిక్ దిమ్మెను డబ్బాలో వేయాలి. ‘మ్’ అన్నప్పుడు చెయ్యి కదలకపోతే ఆ పిల్లకు అమ్మకూ అబ్బకూ తేడా తెలియడం లేదని అర్థం. ‘స్’ తప్పిపోతే మ్యాపింగ్, అంటే ప్రాసెసర్ సర్దుబాటు, తప్పిందేమో, ఏ శబ్దమూ అందకపోతే కాయిల్ తీగ తెగిందేమో చూడాలి. రోజూ పొద్దున్నే బడికి పంపేముందు ఇంట్లో చేయాల్సిన పరీక్ష ఇది. ఏళ్ల తరబడి చేయాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ థెరపీలో మాత్రం ‘కమ్’, ‘గో’, ‘యాపిల్’ నేర్పించే మోజు కూడా చూస్తున్నాం. అది పిల్ల నెత్తిన రెండో బరువు పెట్టడమే.

థెరపీ కేంద్రాలు నగరాల్లో ఉన్నాయి, పిల్లలు మండలాల్లో ఉన్నారు. ఆదిలాబాద్ నుంచో, సీలేరు నుంచో వచ్చిన తల్లి హైదరాబాద్‌లోనో విశాఖలోనో చిన్న గది అద్దెకు తీసుకుని ఏడాది గడపాలి. ఆ అద్దె ఏ ప్యాకేజీలోనూ ఉండదు. ప్రాసెసర్‌కు వారంటీ అయిపోయాక కాయిల్, తీగ, బ్యాటరీలు సొంత ఖర్చు. ప్రాసెసరే మార్చాలంటే లక్షలు. కంపెనీ ఆ నమూనాను ఆపేస్తే విడిభాగాలు కూడా దొరకవు. కేరళలో 2012లో ప్రారంభమైన శ్రుతితరంగం పథకంలో ఇదే జరిగింది. పిల్లల మిషన్లు మూగబోయి, తల్లిదండ్రులు ఆందోళనకు దిగాక, 2023లో ప్రభుత్వం మరమ్మతుల, అప్‌గ్రేడ్‌ల భారం తలకెత్తుకోవాల్సి వచ్చింది. మన రాష్ట్రాల్లో 2007 తర్వాత ఇంప్లాంట్ చేయించుకున్న తొలితరం పిల్లలు ఇప్పుడు కాలేజీ వయసులో ఉన్నారు. వాళ్ల పాత ప్రాసెసర్లూ ఆ దశకే వస్తాయి. ప్రపంచ మార్కెట్ చాలావరకు మూడు విదేశీ కంపెనీల చేతిలో ఉంది. విశాఖలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ దేశీయ ఇంప్లాంట్‌ను ఎప్పుడో రూపొందించింది. అది ప్రయోగశాల దాటి పేదపిల్ల చెవిదాకా రావాలన్న తొందర ఎవరికీ లేకపోవడం నాకు అన్నింటికంటే వింతగా తోస్తుంది.

ఇంప్లాంట్ పనిచేయని పిల్లలు కూడా ఉంటారన్నది ఒప్పుకోవాలి. నరం లేని పిల్లకు, మెదడు కూడా దెబ్బతిన్న కొన్ని అరుదైన జబ్బుల పిల్లకు ఆ పరికరం మాటలివ్వలేదు. ఆ సంగతి ముందే తెలిస్తే తల్లిదండ్రులు ఏళ్లు వృథా చేసుకోకుండా మొదటి నుంచే సైగల భాష నేర్చుకుంటారు. సైగల భాష ఓటమి కాదు, సంపూర్ణమైన భాష. ఇంప్లాంట్ బాగా పనిచేస్తున్న పిల్లలకు కూడా స్నానం చేసేటప్పుడు, రాత్రి మిషన్ తీసినప్పుడు అదే ఆసరా. చాలా థెరపీ కేంద్రాల్లో దాన్ని నిషిద్ధ వస్తువులా చూడటం మానుకోవాలి.

ఇదంతా డబ్బుతో కూడిన పని అని అధికారులు అంటారు. లెక్క వేద్దాం. జన్యు పరీక్ష ప్రైవేటు ల్యాబుల్లోనే వేలల్లో ఉంది, ఇంప్లాంట్ లక్షల్లో ఉంది. కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి విశిష్ట కేంద్రంగా పనిచేస్తున్నాయి. పరీక్ష చేసే చోటు ఉంది, చేయగల నిపుణులు ఉన్నారు. ఇంప్లాంట్ ఫైలు అక్కడికి వెళ్లే దారి మాత్రం వేయలేదు. తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 చివర్లో పది లక్షలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. పేర్లూ పరిమితులూ మార్చినప్పుడల్లా ప్యాకేజీలోని అంశాలు కూడా ఒకసారి తిరగేయాలి. క్యూటీ కొలిచిన ఈసీజీ, రెటీనా పరీక్ష, బెరా, నరం కనిపించేలా తీసిన ఎంఆర్ఐ, జన్యు పరీక్ష, తల్లిదండ్రులకు జన్యు సలహా ఇవన్నీ ఆపరేషన్‌కు ముందు భాగంగా చేర్చాలి. జన్యు పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆపరేషన్ ఆపనక్కర్లేదు. రక్తం తీసి పంపి, గుండె, కన్ను చూసుకుని ముందుకు పోవచ్చు. ఆపరేషన్ తర్వాత భాగంగా విడిభాగాలు, కొన్నేళ్లకోసారి ప్రాసెసర్ మార్పు, జిల్లా కేంద్రంలో థెరపీ ఉండాలి. కంపెనీలతో టోకున బేరమాడి, పదిహేనేళ్లు విడిభాగాలు ఇస్తామన్న షరతు రాయించుకునే బలం ప్రభుత్వానికి ఉంది. ఒంటరి తల్లికి లేదు.

రెండు రాష్ట్రాల్లో ఈ పథకాలు నడిపే ట్రస్టులు ఇన్ని ఇంప్లాంట్లు చేశామని చెప్పుకునే లెక్క ఒక్కటే చాలదు. ఆపరేషన్ అయిన అయిదేళ్లకు వాళ్లలో ఎంతమంది మిషన్ పెట్టుకుని మామూలు బడికి వెళ్తున్నారో, ఎంతమంది మిషన్ బీరువాలో పెట్టేశారో, ఎందుకు పెట్టేశారో జిల్లాలవారీగా ఏటా ప్రచురించాలి. వచ్చే బడ్జెట్‌లో ఈ పద్దుకు ఎంత కావాలో ఆ లెక్కే చెబుతుంది.